పార్సన్స్ మొదటి సీజన్

మా రూమ్‌లో అందరూ క్రికెట్ బ్యాచ్, 2021లో అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ డాలస్ కౌబాయ్స్ పిచ్చి నాకొక్కడికే. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేటప్పుడు, 12వ పిక్‌గా మైకా పార్సన్స్‌ని లైన్‌బ్యాకర్‌గా (డిఫెన్స్ ముందు వరసకి వెనకాల నిలబడేవాడు) తీసుకున్నారు. రెండో వారానికే డిఫెన్స్ ముందు వరస (లైన్) చివర ఆడే డిమార్కస్ లారెన్స్ కాలికి దెబ్బ. డిఫెన్స్ కోచ్ డాన్ క్విన్ ఈ కుర్రాణ్ణి తీసుకెళ్లి లైన్ చివర నిలబెట్టాడు. నాకు ఒకటే టెన్షన్! రన్ (బంతి పట్టుకుని పరుగెత్తడం) ఆపడానికి ముందుకురకాలా, పాస్ (విసిరే బంతి) కోసం వెనక్కి తగ్గాలా అన్నదే కొత్తవాడికి పెద్ద తలనొప్పి, పైగా ఇదొకటా?

కానీ స్నాప్ పడగానే, అంటే బంతి వెనక్కి అందించి ఆట మొదలవగానే, అతని మొదటి అడుగు చూడాలి. ఎదురుగా ఉన్న భారీకాయుడు చేతులు లేపేలోపే పక్కనుంచి దూరిపోయేవాడు. సీజన్‌కి 13 శాక్‌లు (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొట్టడం), డిఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు, అంటే డిఫెన్సివ్ రూకీ ఆఫ్ ద ఇయర్ కూడా అతనే. నన్నడిగితే సగం మార్కులు క్విన్‌కే. ఏ వారం అతన్ని ఎక్కడ నిలబెడతాడో అవతలి క్వార్టర్‌బ్యాక్‌కీ తెలిసేది కాదు, టీవీ ముందు నాకూ తెలిసేది కాదు.