పదో తరగతి చేతుల మీదుగా

1997 జూన్‌లో పదో తరగతిలో అడుగుపెట్టగానే పాఠ్యపుస్తకాల కంటే ముందు మాకు అందినవి బాధ్యతలు. హన్మకొండలోని మన బడిలో అప్పటికే అది ఆనవాయితీ. ప్రార్థన చేయించడం, గంట కొట్టడం, బతుకమ్మ పేర్చడం, స్వపరిపాలన రోజున బడి నడపడం పదో తరగతి వాళ్ల పనులు. ఎక్కడా రాసిపెట్టలేదు; పై తరగతి అన్నలు, అక్కలు చేస్తుంటే చూసి నేర్చుకున్నాం. మమ్మల్ని ఒక తరగతిగా కలిపింది ఈ పనులేనని గట్టిగా నమ్ముతాను.

గంట అంటే వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. కాజీపేట జంక్షన్ పక్కనున్న ఊళ్లో అంతకంటే తగిన గంట ఏముంటుంది? వంతుల వారీగా కొట్టేవాళ్లం. ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించే అవకాశం కోసం మాత్రం పోటీ ఉండేది. ఆ ప్రతిజ్ఞను 1962లో రాసింది నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు గారని పెద్దయ్యాక తెలిసి, రోజూ చదివిన మా గొంతులు గుర్తొచ్చి ఎంతో గర్వపడ్డాను. ఆ ఆగస్టు 15కు స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్లు నిండాయి. మైదాపిండి ఉడికించి, రంగు కాగితాల తోరణాలు అంటించి, బడిని పెళ్లిపందిరిలా చేశాం.

దసరా సెలవులకు ముందురోజు బతుకమ్మ. అబ్బాయిలం తెల్లవారుజామునే ఊరి చివరి చెలకలకు వెళ్లి తంగేడు, గునుగు కోసుకొచ్చేవాళ్లం. తెలుగు టీచర్ ముందు కూర్చుని అమ్మాయిలు గునుగు కాడలను ఒకే కొలతకు కత్తిరించి, కట్టలు కట్టి, కొసలను రంగునీళ్లలో ముంచేవాళ్లు. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, చుట్టూ ఒక్కో వరుస పేరుస్తూ, నడుమ బోలు పడకుండా ఆకుల ముక్కలు నింపాలి. ఆ నింపడంలోనే పనితనమంతా. సరిగ్గా నింపకపోతే ఎత్తేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది. పైన పసుపు గౌరమ్మను పెట్టాక వంటమనిషి, అటెండరు ఇంటివాళ్లతో సహా అందరూ చుట్టూ చేరి ఆడేవాళ్లు. చివర్లో తలా ఒక మలీద ముద్ద. ఆ రోజు ఎవరు ఏ తరగతో, ఎవరింట్లో ఉన్నదెంతో ఎవరికీ పట్టేది కాదు.

సంక్రాంతి సెలవుల తర్వాత స్వపరిపాలన దినోత్సవం. మా తరగతి అమ్మాయి ఒకామె వాళ్లమ్మ చీర కట్టుకుని, కుచ్చిళ్లకు పిన్నీసులు పెట్టుకుని, ఏడో తరగతికి కాకతీయుల పాఠం చెప్పింది. బోర్డు మీద వేయిస్తంభాల గుడి పటం గీసి, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుడులున్న త్రికూటమని, రుద్రదేవుడు 1163లో కట్టించాడని వివరించింది. వెనక బెంచీలో ఒక పిల్లవాడు లేచి, “నిజంగా వెయ్యి స్తంభాలున్నాయా టీచర్?” అని అడిగాడు. “ఆదివారం రండి, కలిసి లెక్కపెడదాం” అంది. నిజంగానే తీసుకెళ్లింది. గంటంతా వెనక కూర్చుని విన్న మా సోషల్ సార్, బయటికి వస్తూ “పాఠం బాగుంది టీచర్ గారూ” అని ఆమెకు నమస్కారం పెట్టారు. ఒక ఉపాధ్యాయుడు తన శిష్యురాలికి ఇవ్వగలిగిన గౌరవం అంతకు మించి లేదు.

1998 ఫిబ్రవరిలో మేడారం జాతర. మార్చిలో 11 పేపర్ల పబ్లిక్ పరీక్షలున్నా సగం తరగతి ఖాళీ అయింది. రెండేళ్లకోసారి వచ్చే తల్లుల దగ్గరికి వెళ్లొద్దని ఏ సార్ చెప్పగలరు? వెళ్లలేని వాళ్లు నోట్సు రెండేసి ప్రతులు రాసిపెట్టారు. వెళ్లినవాళ్లు సమ్మక్క సారలమ్మల బంగారం, అంటే బెల్లం, పొట్లాల్లో తెచ్చి అందరి అరచేతుల్లోనూ పెట్టారు. సార్లు చెప్పులు విప్పి మరీ అందుకున్నారు.

వీడ్కోలు సభలో తొమ్మిదో తరగతి వాళ్లు మాకు తలా ఒక పెన్ను ఇచ్చారు. వెళ్లే తరగతి బడికి ఏదైనా ఇచ్చి వెళ్లడం పాత పద్ధతి. మేము చందాలు వేసుకుని గ్రంథాలయానికి ఒక ఇనుప బీరువా, ఒక నిఘంటువు, కొన్ని కథల పుస్తకాలు ఇచ్చాం. ఆ బీరువా ఇంకా అదే గదిలో ఉంది. ఈ పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి మా బ్యాచ్ వాళ్లం తలా రెండు పుస్తకాలు తెస్తున్నాం. మిగతా బ్యాచ్‌ల వాళ్లూ తెస్తే, పక్కన ఇంకో బీరువాకు చోటుంది.