గ్రాఫు పేపరు చాలలేదు

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున ఇడ్లీ పాత్ర మూత తీస్తూ మణికట్టు మీద ఆవిరి కొట్టించుకున్నాను. రోజూ తీసే మూతే. ఫోన్ చూస్తూ అవతలికి ఎత్తాల్సింది నా వైపుకి ఎత్తాను. చుర్రుమంది. కుళాయి కింద పది నిమిషాలు పెట్టినా రూపాయి బిళ్లంత ఎరుపు మిగిలిపోయింది. ఇది రాస్తుంటే టేబుల్ అంచు తగిలినప్పుడల్లా మండుతోంది.

అదే సమయానికి హాల్లో మా అమ్మాయి రేపటి యూనిట్ టెస్టుకి బట్టీ పడుతోంది. తొమ్మిదో తరగతి. "మంచు కరుగుతున్నంతసేపూ ఉష్ణోగ్రత మారదు, నీరు మరుగుతున్నంతసేపూ ఉష్ణోగ్రత మారదు" అని ఎక్కాలు అప్పజెప్పినట్టు చదువుతోంది. ఎందుకు మారదే అనడిగితే "గుప్తోష్ణం అమ్మా" అంది. అంటే ఏంటి అన్నాను. "అంటే... మారకపోవడం."

ట్యూషన్ నోట్స్‌లో మెట్ల బొమ్మ ఉంది, అడ్డంగా ఇచ్చిన వేడి, నిలువుగా ఉష్ణోగ్రత. ఏటవాలు గీత, అడ్డంగా ఒక గీత, మళ్లీ ఏటవాలు, మళ్లీ అడ్డం, చివర ఇంకో ఏటవాలు. కరిగే చోట అడ్డగీత, మరిగే చోట అడ్డగీత, రెండూ ఒకే పొడవు. నేనూ పదో తరగతిలో సరిగ్గా ఇదే బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. అర్థమై కాదు.

సరే, ఇంట్లో ఐసు ఉంది, స్టవ్ ఉంది, పోయినేడు కేకుల పిచ్చి పట్టినప్పుడు కొన్న డిజిటల్ థర్మామీటరు ఉంది. చేసి చూద్దాం పద అన్నాను. చదువుకోవాల్సిన టైమ్‌లో ఇదేంటని దాని మొహంలో టెన్షన్, కానీ పుస్తకం మూసే అవకాశాన్ని ఏ పిల్ల వదులుకుంటుంది?

మొదటిసారి అభాసుపాలయ్యాం. ఐసు ముక్కలు గిన్నెలో వేసి, సన్న సెగ మీద పెట్టి, థర్మామీటరు గుచ్చి చూస్తే 6, తర్వాత 9, కాసేపటికి మళ్లీ 4. పైన ముక్కలు తేలుతూనే ఉన్నాయి. "చూశావా, పుస్తకం అబద్ధం" అంది సంబరంగా. నాకూ ఒక నిమిషం తోచలేదు. అప్పుడు తట్టింది: కరిగిన నీళ్లు అడుగున వేడెక్కుతున్నాయి, ఐసేమో పైన తేలుతోంది, మేం అడుగు నీళ్ల వేడి చూస్తున్నాం. రెండోసారి ఐసుని గుడ్డలో చుట్టి పప్పుగుత్తితో కొట్టి, గరిటెతో కలుపుతూనే ఉన్నాను. అది ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని అరనిమిషానికోసారి అరిచింది. 0.3. 0.4. 0.3. 0.3. చెయ్యి లాగేసింది కానీ, కింద మంట మండుతుండగా ఆ అంకె కదలకుండా కూర్చోవడం చూస్తుంటే నిజంగానే వింతగా ఉంది. దాదాపు ఆరు నిమిషాలు. చివరి పలుకు కరిగిందో లేదో, 2, 5, 9 అని పరుగందుకుంది.

మరగడానికి ఇంకో ఎనిమిది నిమిషాలు పట్టింది. నీళ్లు కుతకుతలాడుతున్నాయి, థర్మామీటరు మాత్రం 98.1 దగ్గర ఆగిపోయింది. "ఇది పాడైపోయింది, 100 రావాలి కదా!" పాడైతే ఐసులో సున్నా ఎలా చూపించింది? చాలాసేపు ఆలోచించాక గుర్తొచ్చింది, మనం ఉన్నది హైదరాబాద్‌లో, సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తున. ఇక్కడ గాలి ఒత్తిడి కాస్త తక్కువ, అందుకే నీళ్లు 98 దగ్గరే మరిగిపోతాయి. విశాఖలో పిన్ని వాళ్లింట్లో పెడితే 100 చూపిస్తుంది. కుక్కర్లో దీనికి తలకిందులు. లోపల ఒత్తిడి పెరిగి నీళ్లు 120 దాకా వెళ్తాయి, పప్పు తొందరగా ఉడికేది అందుకే. ఈ మాటకి మాత్రం అది పెన్సిల్ తీసుకుని రాసుకుంది.

మంట పెంచి చూశాం. బుడగలు ఎగిరెగిరి పడ్డాయి, అంకె మాత్రం అదే 98.1. వంటింట్లోకి వచ్చిన అమ్మ "మరిగే నీళ్లకి మంట పెంచితే సిలిండర్ ఖాళీ అవుతుంది, అంతకుమించి ఏమవదు" అని సిమ్‌లో పెట్టేసి వెళ్లింది. నలభై ఏళ్లుగా వింటున్న మాటే ఇది. పొదుపు సలహా అనుకున్నాను ఇన్నాళ్లూ. అది సైన్సని తట్టలేదు.

పది నిమిషాలు మరిగించినా గిన్నెలో నాలుగో వంతు కూడా తగ్గలేదు. ఇంకెంతసేపు పడుతుందని అది అడిగితే లెక్క వేసుకోమన్నాను. ఒక గ్రాము ఐసు కరగడానికి 334 జౌళ్లు (జౌలంటే వేడిని కొలిచే ప్రమాణం). ఆ నీళ్లు సున్నా నుంచి వందకి వెళ్లడానికి 418. వంద దగ్గర మొత్తం ఆవిరి కావడానికి 2260. అంటే కరగడానికి పట్టే వేడితో అవే నీళ్లని 80 డిగ్రీల దాకా తీసుకెళ్లొచ్చు. మరిగి ఆవిరవడానికైతే దానికి ఆరున్నర రెట్ల పైన కావాలి.

అప్పుడు దానికే వచ్చింది ఆలోచన, నేను చెప్పలేదు. "మరి బొమ్మలో రెండు అడ్డగీతలూ ఒకే పొడవెందుకున్నాయి?"

వంద జౌళ్లకి ఒక సెంటీమీటరు పెట్టుకుని మళ్లీ గీసింది. ఐసు మైనస్ 20 నుంచి సున్నాకి రావడానికి అరసెంటీమీటరు కూడా లేదు. కరగడానికి 3.3. నీళ్లు వేడెక్కడానికి 4.2. తర్వాత మరిగే గీత మొదలుపెట్టి స్కేలు జరుపుతూ పోయింది, గ్రాఫు పేపరు అయిపోయింది. 22.6 సెంటీమీటర్లు. రెండో షీటు అతికించాల్సి వచ్చింది. ఆ పొడవాటి అడ్డగీతని నేలమీద పరిచి దాని పక్కనే బోర్లా పడుకుని చూస్తూ ఉండిపోయింది చాలాసేపు.

ఇక అసలు ప్రశ్న, ఆ వేడంతా ఎక్కడికి పోతోంది? "నీళ్లు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ అవుతాయి" అంది ధైర్యంగా. కాదు. నీటి అణువు నీటి అణువుగానే ఉంటుంది, ఆవిరిలో కూడా. విడిపోయేది ఒక అణువుకీ పక్కదానికీ మధ్య ఉన్న పట్టు. ఉష్ణోగ్రత అనేది అణువులు ఎంత జోరుగా కదులుతున్నాయో చెప్పే లెక్క. మరిగేటప్పుడు వచ్చిన వేడంతా ఆ పట్టు వదిలించడానికే ఖర్చవుతుంది, జోరు పెంచడానికి మిగలదు. అందుకే థర్మామీటరుకి కనపడదు, అందుకే గుప్తం. 1760ల మొదట్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త ఒకే గదిలో రెండు గాజు పాత్రలు వేలాడదీశాడు, ఒకదాంట్లో ఐసు, ఇంకోదాంట్లో దాదాపు అంతే చల్లటి నీళ్లు. నీళ్లు 7 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కడానికి అరగంట పట్టింది. ఐసు కరిగి అదే వేడికి రావడానికి పదిన్నర గంటలు. స్టవ్ కూడా లేదు, ఆ గదిలో గాలి వేడే. అంత ఓపిక నాకు లేదు, ఆరు నిమిషాలు గరిటె తిప్పితేనే భుజం లాగేసింది.

నా మణికట్టు లెక్క కూడా ఇక్కడే తేలింది. ఒక గ్రాము మరిగే నీళ్లు చర్మం మీద పడి చల్లారితే ఇచ్చే వేడి 270 జౌళ్ల దాకా. అదే ఒక గ్రాము ఆవిరైతే ముందు నీళ్లుగా మారుతూనే 2260 వదులుతుంది, ఆ తర్వాత పై 270. ఈ లెక్క చెప్తుంటే మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఊదింది.

మధ్యాహ్నం అమ్మ పదిహేను రోజుల వెన్న కాచడానికి కూర్చుంది. థర్మామీటరు అందులోనూ పెట్టాం. చిటపటమంటూ ఉడుకుతున్నంతసేపూ 99కీ 102కీ మధ్యే ఊగింది. వెన్నలో ఉన్న నీళ్లు మరుగుతున్నాయన్నమాట. అమ్మ మాకు వీపు పెట్టి మునగాకు దూస్తోంది. ఒక్కసారిగా చప్పుడు సన్నగిల్లింది. అమ్మాయి ఇంకా తెర మీద 101 చదువుతోంది. అమ్మ వెనక్కి తిరగకుండానే "నీళ్లయిపోయాయి, ఇక చూసుకో" అంది. 106. 111. 117. నిమిషం పట్టలేదు. అమ్మ లేచి, గుప్పెడు మునగాకు వేసి స్టవ్ కట్టేసింది. ఇల్లంతా ఘుమఘుమ.

"అమ్మమ్మా, నీకెలా తెలిసింది?"

"మాట్లాడటం ఆపేసింది కదే" అంది అమ్మ, అడుగున మిగిలిన గసి గోకుతూ.

సాయంత్రం ఆ గసిలో పంచదార కలుపుకుని తింటూ ఇంకో ప్రశ్న వేసింది. పేరుకున్న నెయ్యి కరిగేటప్పుడు కూడా అడ్డగీత వస్తుందా అని. నెయ్యి ఒక్క పదార్థం కాదు, రకరకాల కొవ్వుల కలగలుపు, ఒక్కోటి ఒక్కో దగ్గర కరుగుతుంది కాబట్టి గీత అడ్డంగా ఉండదు, వాలుగా పోతుందని చెప్పాను. నమ్మలేదు. గిన్నెడు నెయ్యి ఫ్రిజ్‌లో పెట్టింది, రేపు స్కూలు నుంచి వచ్చాక చూస్తుందట.

రెండు షీట్ల గ్రాఫుని మూడు మడతలు పెట్టి నోట్‌బుక్‌లో దూర్చింది. కాస్త బయటికి పొడుచుకొచ్చే ఉంది. పరీక్షలో ఏ బొమ్మ వెయ్యను అని పడుకునే ముందు అడిగింది. రెండూ ఒకే పొడవున్నదే వెయ్యి, పక్కన చిన్నగా "స్కేలు ప్రకారం కాదు" అని రాయి అన్నాను.