ఒక కన్నుతో దూరం చూడటం

నా ఎడమ కంటికి లేజీ ఐ. కన్ను బాగానే ఉంది, మెదడే దాన్ని లెక్కచెయ్యదు. ఈ సంగతి చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: "అయితే నీకు అన్నీ ఫొటోలా కనిపిస్తాయా? మరి స్కూటీ ఎలా నడుపుతున్నావ్?"

నడుపుతాను, భేషుగ్గా. ముందున్న ఆటో వెనకాల బస్సుని సగం కప్పేస్తే, ఆటోనే దగ్గరని తెలియడానికి రెండో కన్నెందుకు? బండి కదులుతుంటే పక్కన కరెంటు స్తంభాలు గబగబా వెనక్కి పోతాయి, దూరపు కొండలు నాతోపాటే వస్తున్నట్టుంటాయి. ఆ తేడాని బట్టే మెదడు దూరం లెక్కగట్టేస్తుంది. దుమ్మూ తేమా కూడా ఇందులో చెయ్యి పెడతాయి. విశాఖ బీచ్ రోడ్డు నుంచి చూడండి: వాన వెలిసిన మర్నాడు డాల్ఫిన్స్ నోస్ ఇక్కడే ఉన్నట్టుంటుంది, మసక పట్టిన పొద్దున అదే కొండ ఎక్కడికో జరిగిపోతుంది. అంత దూరంలో మీరూ నాలాగే చూస్తారు. మనిషి కళ్ల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్ల పైచిలుకే కాబట్టి, కొండ రెండు కళ్లకీ దాదాపు ఒకేలా కనిపిస్తుంది.

నా తంటా అంతా చేతికందే దూరంలోనే. సూదిలోకి దారం ఎక్కించాలంటే, దారం కొన బెజ్జానికి ముందుందో పక్కనుందో తేలదు. అందుకే బెజ్జం వెనక వేలు ఆనించి, వేలికి తగిలేదాకా దారాన్ని తోస్తాను. ఫ్లాస్కు మూతిని కప్పు అంచుకి ఆనించాకే టీ వంచుతాను. ఆ టిక్కుమనే చప్పుడు మా అత్తయ్యగారికి నచ్చదు, ఏం చేస్తాం! షటిల్ జోలికి మాత్రం పోను.

కంటి డాక్టర్ల దగ్గర ఒక ఈగ ఫొటో ఉంటుంది, అరచేయంత ఈగ. పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టి "దాని రెక్క పట్టుకో" అంటారు. రెండు కళ్లూ కలిసి పనిచేసేవాళ్లకి ఈగ కాగితం మీంచి పైకి లేచినట్టు కనిపిస్తుంది, అందుకే వాళ్ల వేళ్లు కాగితానికి పైనే, గాల్లో ఆగుతాయి. మా తమ్ముడైతే ఛీ అని చెయ్యి లాగేసుకున్నాడు. నా వేళ్లు తిన్నగా వెళ్లి కాగితానికి తగిలాయి.

ఈ రెండు కళ్ల కిటుకుని 1838లో చార్లెస్ వీట్‌స్టన్ చూపించాడు. కొద్దిగా తేడా ఉన్న రెండు గీతల బొమ్మల్ని, అద్దాల సాయంతో ఒక్కో కంటికి ఒక్కోటి చూపిస్తే, మెదడు రెండింటినీ కలిపి లోతున్న ఒకే వస్తువుగా చూసేసింది.

సూసన్ బ్యారీ అనే అమెరికన్ న్యూరోసైంటిస్టుకి పసితనం నుంచీ మెల్లకన్ను. కంటి వ్యాయామాలు చేసి 48 ఏళ్ల వయసులో ఆ లోతు చూడగలిగింది. కారెక్కితే స్టీరింగు డ్యాష్‌బోర్డు నుంచి విడివడి ముందుకు తేలుతూ కనిపించిందట. అది విడిగానే ఉంటుందని నాకూ తెలుసు కదా, ఇందులో కొత్తగా కనిపించడానికేముంది అని మా తమ్ముణ్ణి అడిగాను. వాడు స్టీరింగు వంక కాసేపు చూశాడు గానీ, ఎలా చెప్పాలో వాడికీ తెలియలేదు.