ఆర్‌ఎక్స్ 100 పని: ఇంజన్ కేసు, రంగు, ఆర్‌సీ

అక్టోబర్

బండి యమహా ఆర్‌ఎక్స్ 100, 1991 రిజిస్ట్రేషన్, ఏపీ 16 సిరీస్. ఇప్పటికీ నాన్న పేరు మీదే ఉంది. ఈ నెల ఇంజన్ దించి విప్పాం. ఎప్పుడో చైన్ తెగి ముందు స్ప్రాకెట్ దగ్గర చుట్టుకున్నప్పుడు ఇంజన్ కేసు, అంటే క్రాంకు, గేర్లను పట్టి ఉంచే అల్యూమినియం గుల్ల, పగిలింది. దాని మీద ఎవరో ఎం-సీల్ మెత్తి ఇన్నాళ్లూ నడిపించారు. ఆర్గాన్ వెల్డింగ్ పెట్టించి చూశాం. ముప్పై ఏళ్లుగా నూనె పీల్చిన అల్యూమినియం కదా, వేడి తగలగానే బుడగలు లేచి పక్కన ఇంకో చీలిక బయటపడింది. కేసు మార్చాల్సిందే.

ఇక్కడే అసలు సంగతి ఉంది. క్రాంకు, గేర్లు, బోరు, హెడ్డు అన్నీ మావే బాగున్నాయి, పాడైంది కేసు ఒక్కటే. కానీ ఇంజన్ నంబరు కొట్టి ఉండేది ఆ కేసు మీదే. లోపల సరుకంతా పాతదే అయినా ఆర్‌సీ లెక్కలో ఇంజన్ మారినట్టే.

మా మేస్త్రి దగ్గర దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి.

“పాత నంబరే కొత్త కేసు మీద కొట్టిద్దాం బాబూ. తెలిసినవాళ్లున్నారు, అరగంట పని.”

“వద్దు బాబాయ్. గీకి కొట్టిన నంబరు దొంగబండికే ఉంటుంది. రేపు ఎవడైనా చూస్తే మనం చెప్పేది నమ్ముతాడా?”

“సరే, ఎలాగూ కేసు మారుస్తున్నాం, 135 ఇంజన్ దొరుకుతుంది, అదే పెట్టేద్దాం. పికప్ చూడు ఎట్టా ఉంటుందో!”

ఈ రెండోది నిజంగానే నోరూరించేది. ఆర్‌ఎక్స్ 135 ఇంజన్ ఈ చాసిస్‌లో చక్కగా కూర్చుంటుంది, చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ మన ఆర్‌సీలో 98 సీసీ అని ఉంది, అది 132 సీసీ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ తేడా పడేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. చట్టం ఒప్పని మార్పు చేసిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న ముక్క చాలామంది చూసుకోరు. ఇంజన్, హ్యాండిల్, సైలెన్సర్ అని లెక్కవేస్తే బండి ఖరీదు అక్కడే తేలిపోతుంది.

అందుకని 135 మాట పక్కన పెట్టేశాం. ఆర్‌ఎక్స్ 100 కేసే, అదీ కాగితాలున్నది వెతకాలి. సొంతంగా పది, అంతకంటే ఎక్కువ ట్రాన్స్‌పోర్ట్ బళ్లు ఉన్నవాళ్లకైతే, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే, ముందస్తు అనుమతి లేకుండానే అదే మేక్, అదే టైప్ ఇంజన్ వేసుకునే వెసులుబాటు చట్టంలో ఉంది. మనలాంటి ఒంటి బండివాళ్లు ముందు అడగాలి, తర్వాతే స్పానర్ పట్టాలి.

నవంబర్

కేసు దొరికింది. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే సరుకు చాలానే ఉంది, బిల్లు ఇచ్చేవాళ్లే తక్కువ. కాగితం అడగ్గానే సగం మంది మొహం తిప్పేశారు. చివరికి ఒకాయన దగ్గర జత కేసులు నంబరు చెదరకుండా ఉన్నాయి, ఆ బండి ఆర్‌సీ కాపీ కూడా ఉంది.

డబ్బులిచ్చే ముందు చూసుకున్నవి ఇవీ. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) సైట్‌లో ఇంజన్ నంబరు కొట్టి చూస్తే అది దొంగబళ్ల జాబితాలో ఉందో లేదో చెబుతుంది, ఆ కాగితం ప్రింటు కూడా తీసుకోవచ్చు. ఇది ఉచితమే, అయినా ఎవరూ చేయరు. రెండోది, ఆ పాత బండి రిజిస్ట్రేషన్ రద్దయిందా లేదా అన్నది. బండి పనికిరాకుండా పోతే ఓనరు 14 రోజుల్లో ఆర్టీఓకు చెప్పి ఆర్‌సీ అప్పగించాలని 55వ సెక్షన్ చెబుతుంది. పాత ఇనుపసామానుకు వేసేటప్పుడు ఇది చేసేవాళ్లు వందలో ఒకరో ఇద్దరో. మాకు అమ్మినాయన ఆ ఓనరు చేత రద్దు చేయించే ఇచ్చాడు, అందుకే ధర కాస్త ఎక్కువైనా బేరం ఆడలేదు. రద్దు కాకపోతే ఒకే ఇంజన్ నంబరు రెండు బళ్ల మీద కనపడి మన ఫైలు కదలదు. బిల్లు మీద మాత్రం ‘ఓల్డ్ ఇంజన్ పార్ట్స్’ అని రాసిస్తానంటే కుదరదని చెప్పి, ఇంజన్ నంబరు, బండి పేరు, అమ్మినవాళ్ల సంతకం, తేదీ అన్నీ రాయించుకున్నా.

కేసు పట్టుకొచ్చి ఆన్‌లైన్‌లో మా బండి వివరాలు తీస్తే ఇంకో తలనొప్పి. పుస్తకం ఆర్‌సీ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు చాసిస్ నంబరులో సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరం ‘ఓ’ పడింది. ఇన్నేళ్లూ ఎవరి కంటా పడలేదు. మార్పుకు దరఖాస్తు పెట్టేలోపు దీన్ని సరిచేయించాలి, ఎందుకంటే తనిఖీకి వచ్చే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) గారు చాసిస్ మీది అక్షరాన్నీ స్క్రీన్ మీది అక్షరాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. పాత పుస్తకం దాచి ఉండబట్టి పని తేలికైంది. స్మార్ట్ కార్డు వచ్చింది కదా అని పాత పుస్తకం పారేయకండి.

డిసెంబర్

దరఖాస్తు పెట్టాం. బండి నాన్న పేరు మీద ఉంది కాబట్టి సంతకం ఆయనదే, ఓటీపీ ఆయన ఫోన్‌కే. ఆధార్‌లో, ఆర్‌సీలో ఇంటిపేరు స్పెల్లింగ్ ఒకటేనా అని ముందే చూసుకోవడం మంచిది. ఫైనాన్స్ మీద ఉన్న బండైతే ఇంకో మెట్టు ఉంది, హైపోతికేషన్ ఉన్నంతకాలం ఫైనాన్స్ వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా ముట్టుకోకూడదు.

ఎలాగూ ఒక మార్పు పెడుతున్నాం కదా అని రంగు కూడా అందులోనే రాశాం. ఆర్‌సీలో నలుపు. చెర్రీ ఎరుపు చేద్దామని నాకు, నలుపే బాగుంటుందని నాన్నకు. నాన్న గారి సంతకం కావాలి కాబట్టి పంతం ఎవరిది నెగ్గాలో తెలిసిందే, కానీ ఆయనే తగ్గారు. రంగుల సంగతిలో ఒక్క హెచ్చరిక. ఆలివ్ గ్రీన్ మాత్రం అడగొద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ బళ్లకే. ఊళ్లో ఆ రంగు బుల్లెట్లు ఎన్ని తిరుగుతున్నా సరే.

అనుమతి వచ్చాకే ఫ్రేమ్‌ను పౌడర్ కోటింగ్‌కు పంపాం. ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువ బళ్లు పాడయ్యేది ఈ చోటే. చాసిస్ నంబరు హ్యాండిల్ కింద, స్టీరింగ్ గొట్టం మీద కొట్టి ఉంటుంది. పాత రంగు లేపడానికి ఇసుక కొట్టే శాండ్ బ్లాస్టింగ్ చేస్తే ఆ గాట్లు అరిగిపోతాయి, పౌడర్ దళసరిగా పడితే పూడిపోతాయి. అందుకని ముందు ఆ చోట చేత్తో, పెయింట్ రిమూవర్ రాసి మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి, రెండు పొరల మాస్కింగ్ టేపు, దాని మీద రబ్బరు ముక్క కట్టి పంపాం. కోటింగ్ చేసేవాడికి నోటితో చెప్పి ఊరుకోకుండా టేపు మీద మార్కర్‌తో ‘నంబరు, బ్లాస్ట్ చేయొద్దు’ అని రాశా. ఓవెన్‌లోకి వెళ్లే ముందు రబ్బరు తీసేసి వేడి తట్టుకునే టేపు వేయాలి. తిరిగొచ్చాక ఆ చోట పల్చగా స్ప్రే కొట్టాం, అంకెలన్నీ చెక్కుచెదరలేదు.

తర్వాత నంబరు ప్రింటు. గాట్ల మీద పెన్సిల్ అడ్డంగా పట్టి నల్లగా రుద్ది, సెల్లోటేపు అంటించి, గోటితో ఒత్తి ఒక్క ఊపులో లాగితే అంకెలు తెల్లగా, చుట్టూ నల్లగా దిగుతాయి. దాన్నే ఫారం మీద అంటించాలి. నూనె తడి ఉంటే పెన్సిల్ పట్టదు, ముందు పెట్రోల్ గుడ్డతో తుడవండి. కొత్త ఇంజన్ కేసు మీదిది బిగించక ముందే తీసుకోవడం మేలు, బిగించాక పెన్సిల్ దూరే చోటు ఉండదు.

జనవరి

ఇంజన్ ఎక్కింది. పాత క్రాంకుకు కొత్త బేరింగులు, సీళ్లు. బోరు రీబోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్. సీళ్లు మాత్రం చవకవి వేయొద్దు. టూ-స్ట్రోక్‌లో క్రాంకు సీలు గాలి లాగితే మిక్చర్‌లో పెట్రోల్ పాలు తగ్గి పిస్టన్ పట్టేస్తుంది.

మార్పు పూర్తయ్యాక 14 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేసి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఈ లెక్క గుర్తుపెట్టుకుని, ఇంజన్ బిగింపు, రంగు రెండూ ఒకే వారంలో ముగిసేలా పని సర్దుకున్నాం. రంగు ముందే అయిపోయి ఇంజన్ నెలల తరబడి బల్ల మీద ఉంటే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ గురించి టెన్షన్ పడ్డాం, పాత టూ-స్ట్రోక్ కదా. 2000 మార్చి లోపు తయారైన టూవీలర్లకు పొగలో పరిమితి సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 4.5 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) 9,000 పీపీఎం. అంత ఇబ్బందేమీ కాలేదు. ఆయిల్ పంపు మార్కు సరిగా కలిపి, సైలెన్సర్ లోపలి జాలీ కాల్చి మసి దులిపితే చాలు. కంపెనీ సైలెన్సరే ఉంచాం. పికప్ కోసం వేసే, ఎక్కువ శబ్దం చేసే చాంబర్ పైపు వేస్తే రెన్యూవల్ సంగతి సరే, శబ్దం కింద 190వ సెక్షన్‌లో 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్స్ రద్దు అదనం.

తనిఖీ రోజు ఎంవీఐ గారు బండి వచ్చిన తీరు కన్నా స్టీరింగ్ గొట్టం దగ్గర ఎక్కువసేపు వంగి చూశారు. ఫోన్ లైటు వేసి, వేలితో తడిమి, “ఇది బ్లాస్టింగ్ చేయించలేదా?” అని అడిగారు. టేపు సంగతి చెప్పాను. కేసు బిల్లు, రద్దయిన ఆర్‌సీ కాపీ, ఎన్‌సీఆర్‌బీ ప్రింటు వరసగా ఇస్తే ఇంకేమీ అడగలేదు. స్టార్ట్ చేయమన్నారు. రెండో కిక్కుకు అందుకుంది.

“మాకూ ఉండేది ఇది,” అన్నారు సంతకం పెడుతూ.

ఇంకా మిగిలినవి

కొత్త ఇంజన్ నంబరుతో ఆర్‌సీ అప్‌డేట్ అయింది. ఇన్సూరెన్స్ పాలసీలో ఇంకా పాత నంబరే ఉంది, ఎండార్స్‌మెంట్‌కు, అంటే పాలసీలో కొత్త నంబరు ఎక్కించమని, మెయిల్ పెట్టాను. ఇది మరిచిపోతే క్లెయిమ్ రోజున గొడవ.

15 ఏళ్లకు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి చొప్పున చూస్తే మా రిజిస్ట్రేషన్ ఈ 2026తో ముగుస్తుంది. గడువుకు 60 రోజుల ముందు నుంచి రెన్యూవల్‌కు ఫారం 25 పెట్టుకోవచ్చు. 2025 ఆగస్టు నోటిఫికేషన్ ప్రకారం 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్‌కు రెన్యూవల్ ఫీజు 2,000. ఆలస్యమైతే నెలకు 300 అదనం, పైన గ్రీన్ ట్యాక్స్. తెలంగాణ మిత్రులు కూడా అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా, చట్టం, 14 రోజుల గడువు అక్కడా ఇవే.

135 పెట్టనందుకు మేస్త్రి ఇంకా సణుగుతున్నాడు. ఆయనకు 2041 లెక్క చెప్పాను. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అని వస్తుంది. 135 పెట్టి ఉంటే ఆ తలుపు అప్పుడే మూసుకుపోయేది. “అప్పటికి నేనుంటే కదా,” అని కార్బురేటర్ చేతిలో పెట్టాడు. మెయిన్ జెట్ ఇంకా కాస్త రిచ్‌గా ఉంది, అంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది, ప్లగ్గు నల్లబడుతోంది. వచ్చే వారం ఒక సైజు తగ్గించి చూడాలి.