డీకేఏ ప్రశ్నలో ఇన్సులిన్ ముందా, పొటాషియం ముందా?

ఎఫ్‌ఎంజీఈకి (విదేశాల్లో వైద్యం చదివినవాళ్లు ఇక్కడ ప్రాక్టీసు కోసం రాసే పరీక్ష) చదివేవాళ్లను తరచూ తికమకపెట్టే రకం ప్రశ్న ఇది. డీకేఏ అంటే డయాబెటిక్ కీటోఅసిడోసిస్, ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లమయ్యే స్థితి. టైప్ 1 డయాబెటిస్ ఉన్న 19 ఏళ్ల అమ్మాయి, వాంతులు, గ్లూకోజ్ 480. పీహెచ్ 7.09, బైకార్బనేట్ 10, కార్బన్ డయాక్సైడ్ పీడనం 34. సోడియం 132, క్లోరైడ్ 96, పొటాషియం 2.8. సెలైన్ మొదలుపెట్టారు, మూత్రం బాగానే వస్తోంది. తర్వాత ఏం చేయాలి?

గ్లూకోజ్ చూడగానే చేయి ఇన్సులిన్ మీదికి పోతుంది. ప్రశ్న రాసినవాడు వల వేసిందే అక్కడ. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది, 2.8 ఇంకా పడితే గుండె లయ తప్పుతుంది. పొటాషియం 3.3 దాటేదాకా (కొత్త మార్గదర్శకాల్లో 3.5) ఇన్సులిన్ ఆపి, గంటకు 10–20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఎక్కించాలి. మూత్రం సంగతి ఊరికే రాయలేదు: అది రాకపోతే పొటాషియం ఇవ్వడమే ప్రమాదం.

రెండో మెలిక ఇంకా బాగుంటుంది. యానియన్ గ్యాప్ (సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బనేట్ తీసేస్తే మిగిలేది) 132 − (96 + 10) = 26, అంటే రక్తంలో అదనపు ఆమ్లాలున్నాయి. ఆ ఆమ్లాన్ని సర్దుకోవడానికి శ్వాస పెరిగి కార్బన్ డయాక్సైడ్ ఎంతకు తగ్గాలో వింటర్స్ సూత్రం చెబుతుంది: 1.5 × బైకార్బనేట్ + 8, అంటే 1.5 × 10 + 8 = 23, రెండు అటూ ఇటూ. ఉన్నది 34. మామూలుగా ఉండే నలభై కంటే తక్కువే కదా, సర్దుబాటు జరిగిందనుకుంటే తప్పినట్టే. రెస్పిరేటరీ అసిడోసిస్ (శ్వాస చాలక కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం) కూడా తోడైంది. పొటాషియం పడిపోయి శ్వాస కండరాలు నీరసించాయేమోనని అనుమానించాలి.

ఎఫ్‌ఎంజీఈలో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి లెక్క తేలకపోయినా ఏదో ఒకటి గుర్తించండి. కానీ ఆప్షన్లు చూసేముందే పొటాషియం అంకె కింద గీత గీసుకోండి.