పాస్టర్ ఉత్తరం చాలదు, పాస్టరే రావాలి

ఇస్లాం వదిలి క్రైస్తవంలోకి వచ్చామని చెప్పి బ్రిటన్‌లో ఆశ్రయం అడిగే ఇరానీయుల అప్పీళ్లలో, ఇరాన్‌లో ముప్పు ఉందా లేదా అన్నది ఇప్పుడు పెద్ద తగవు కాదు. మతం మారినవాళ్లు అక్కడ బాహాటంగా ఆరాధిస్తే నిజమైన ముప్పేనని 2020లో పీఎస్ కేసులో అప్పర్ ట్రిబ్యునల్ (ఆశ్రయం అప్పీళ్లు వినే పై అంచె న్యాయస్థానం) తేల్చింది. తగవంతా ఒక్కటే: ఈ మనిషి నిజంగా నమ్మాడా?

హోం ఆఫీస్ (బ్రిటన్ హోం శాఖ) తిరస్కరణ పంపిన 14 రోజుల్లోపు ఫస్ట్ టయర్ ట్రిబ్యునల్‌లో, అంటే మొదటి అంచె న్యాయస్థానంలో అప్పీలు వేయాలి. గడువు దాటితే కారణం రాసి పొడిగింపు అడగవచ్చు, ఇస్తారన్న నమ్మకం మాత్రం పెట్టుకోకూడదు. లీగల్ ఎయిడ్ (ప్రభుత్వ ఖర్చుతో న్యాయ సహాయం) ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

2022 జూన్ 28న, ఆ తర్వాత పెట్టుకున్న దరఖాస్తులకు రుజువు బరువు పెరిగింది. తాను క్రైస్తవుడినని, తనకు భయం ఉందని చూపడానికి 'అయ్యుండవచ్చు' సరిపోదు, 'కాదు' కంటే 'అవును' వైపే మొగ్గాలి. తిరిగి వెళ్తే ముప్పు ఉందా అన్నదానికి మాత్రం పాత తేలికపాటి కొలతే.

అందుకే చర్చి సాక్ష్యం మీద కేసు నిలబడుతుంది. 'ఈయన క్రమం తప్పకుండా వస్తారు, మంచి విశ్వాసి' అని రెండు లైన్లు రాసిస్తే జడ్జికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. మొదట ఏ తేదీన వచ్చాడు, బైబిల్ క్లాసులు ఏ భాషలో జరిగాయి, బాప్తిస్మానికి ముందు ఎన్ని వారాలు నేర్పారు, ఏ సందేహాలు అడిగాడు, ఏ ఆదివారాలు రాలేదు, ఎందుకు రాలేదు, ఇవన్నీ ఉండాలి. సిద్ధంగా లేరని ఆ పాస్టర్ ఎప్పుడైనా ఎవరికైనా బాప్తిస్మం వాయిదా వేసి ఉంటే అదీ రాయాలి. అడిగిన ప్రతివాళ్లకీ ఇచ్చేయరని తెలుస్తుంది. ఆ పాస్టర్ విచారణకు వచ్చి హోం ఆఫీస్ ప్రతినిధి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. డొరోడియన్ అనే పాత ఆశ్రయం కేసు నాటి నుంచి ట్రిబ్యునళ్లు ఆశించేది ఇదే. ఆశ్రయం అడిగిన మనిషి వేరే విషయంలో అబద్ధం చెప్పాడని తేలినంత మాత్రాన చర్చి సాక్ష్యాన్ని పక్కన పడేయకూడదని 2018లో స్కాట్లాండ్ కోర్ట్ ఆఫ్ సెషన్ చెప్పింది.

చేతిదాకా వచ్చిన కేసు జారిపోయే చోటు ఇంకొకటుంది. 'వెనక్కి పంపితే ఏం చేస్తారు?' అని అడిగితే చాలామంది 'నా విశ్వాసం దాచుకుంటాను' అని ఊరుకుంటారు. ఎందుకు దాచుకుంటారో చెప్పాలి. కేవలం ఇంట్లోవాళ్లు బాధపడతారనో, నలుగురూ ఏమనుకుంటారనో అయితే కేసు పోతుంది. పట్టుకుంటారన్న భయం అందులో కొంత ఉన్నా గెలుస్తుంది. ఆ భయం నిజంగా ఉన్నవాళ్ల స్టేట్‌మెంట్‌లో అది వాళ్ల సొంత మాటల్లో కనబడాలి. పర్షియన్ నుంచి అనువాదం చేసినప్పుడు ఈ ముక్క నలిగిపోతుంటుంది. సంతకానికి ముందు మళ్లీ చదివించుకుని వినడం తప్పనిసరి.

ఓడిపోతే అప్పర్ ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి అనుమతి కావాలి. ముందు ఫస్ట్ టయర్‌నే అడగాలి, కాదంటే అప్పర్ ట్రిబ్యునల్‌ని, రెండుసార్లూ 14 రోజులే. 'జడ్జి నమ్మలేదు' అంటే కుదరదు, చట్టంలో తప్పు చూపాలి: పాస్టర్ సాక్ష్యాన్ని అసలు తూచలేదు, దాచుకోవడానికి కారణం అడగలేదు, అలాంటివి. అప్పర్ ట్రిబ్యునల్ కూడా అనుమతి నిరాకరిస్తే, 2022 నాటి జ్యుడీషియల్ రివ్యూ అండ్ కోర్ట్స్ చట్టం తర్వాత జ్యుడీషియల్ రివ్యూ (ఆ నిర్ణయాన్ని పై కోర్టులో సవాలు చేయడం) దారి దాదాపు మూసుకుపోయింది.

కొత్త ఆధారాలతో మళ్లీ దరఖాస్తు పెట్టవచ్చు. కానీ 2002 నాటి దేవసీలన్ తీర్పు ప్రకారం రెండో జడ్జి మొదటి జడ్జి తేల్చినదాని దగ్గరే మొదలుపెడతారు. మొదటిసారే రాగలిగిన పాస్టర్ రెండోసారి వస్తే, అప్పుడెందుకు రాలేదన్న ప్రశ్న ముందు ఎదురవుతుంది.