కడుపుల ఉన్న హోమగుండం

మొన్న మా చుట్టాలింట్ల వ్రతం అయినంక బంతికి కూసున్నం. అందరం కలిసి "బ్రహ్మార్పణం బ్రహ్మ హవిః" గడగడ చదివినం, ఆఖరి మాట ఇంక నోట్లె ఉండంగనే సగం మంది చేతులు ఫోన్ల మీదికి పోయినయ్. ఎడమ చేత్తోని రీల్స్, కుడి చేత్తోని పులిహోర. ఎవర్నీ ఏమనలేదు కానీ మనసుకు మస్తు కష్టమనిపించింది. హవిస్సు బ్రహ్మం, అగ్ని బ్రహ్మం అని ఇప్పుడే కదా చదివింది, మరి ఆ అగ్ని ఏడుందో చూసుకోకుండ హవిస్సు ఏడ పోస్తున్నం?

స్వామి ఆ జాగ చెప్పనే చెప్పిండు, గీత 15వ అధ్యాయం 14వ శ్లోకంల. "అహం వైశ్వానరో భూత్వా ప్రాణినాం దేహమాశ్రితః, ప్రాణాపాన సమాయుక్తః పచామ్యన్నం చతుర్విధమ్." అంటే, ప్రాణుల కడుపుల వైశ్వానరుడనే అగ్నిగ ఉండి, ప్రాణాపానాలనే ఊపిరితోని కలిసి నాలుగు తీర్ల అన్నం పచనం చేస్తున్న అని. ఆ "పచామి" కాడ నేను ప్రతిసారి ఆగిపోత. వండుతున్న అంటున్నడు స్వామి! అమ్మ పొయ్యి మీద ఒకసారి వండింది, మనం మింగినంక లోపల ఆయన రెండోసారి వండుతున్నడు, మనం పండుకున్నా ఆయన మాత్రం ఆ పొయ్యి కాడికెల్లి లేవడు.

నాలుగు తీర్ల అన్నం అంటే పెద్ద పెద్ద విందులు అనుకునేరు. మా నాయినమ్మ పెట్టే బువ్వలనే నాలుగూ ఉండేవి. జొన్నరొట్టె కొరికి నమిలితే భక్ష్యం, గటకల పచ్చిపులుసు పోసుకొని తింటే భోజ్యం, చింతకాయ తొక్కు వేలితోని నాకితే లేహ్యం, పులుసుల మునక్కాయ చీకితే చోష్యం. ఇగ ప్రాణాపానాలంటే ఆ మంటకు గాలి అన్నట్టు, కమ్మరి కొలిమి కాడ తిత్తి ఆడినట్టు లోపలికి బయటికి ఆడుతనే ఉంటయి. కోపం మీద తిన్ననాడు, టీవీల కొట్లాటలు చూస్కుంట తిన్ననాడు మీ ఊపిరి ఎట్లుంటదో ఒక్కసారి గమనించుండ్రి. తిత్తి సక్కగ ఆడకపోతే ఇనుమే కాగదు, అన్నం ఎట్ల పచనమైతది?

ఇదంత నాకు పుస్తకంల కంటే మా నాయన మంచం కాడ ఎక్కువ అర్థమైంది. నాయన రోజూ 15వ అధ్యాయం 20 శ్లోకాలు చదివినంకనే కంచం ముంగట కూసుంటడు, నాకు బుద్ధి తెలిసినప్పటి సంది గదే చూస్తున్న. పేగు ఆపరేషన్ అయినప్పుడు తొమ్మిది రోజులు నోట్లె ఏం పెట్టనియ్యలే, సెలైన్లే. తొమ్మిదో నాడు నేను పక్కన కూసొని "నాయనా, ఒక్క శ్లోకం చదువు" అంటే "ఊర్ధ్వమూలమధఃశాఖం" అని ఆ అధ్యాయం మొదటి మాట కాడనే ఆగిపోయిండు. మళ్ల అదే మాట అన్నడు, ఆ తర్వాతిది రాలే, కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. నాకు కాళ్లు చేతులు ఆడలే.

అప్పుడు ఛాందోగ్య ఉపనిషత్తుల శ్వేతకేతు యాదికొచ్చిండు. ఉద్దాలకుడు కొడుకును 15 రోజులు అన్నం ముట్టకు, నీళ్లు మాత్రం తాగు అన్నడు గదా, ఆ తర్వాత వేదం చెప్పమంటే ఏదీ తోస్తలేదు అన్నడు కొడుకు. పెద్ద మంట ఆరిపోయి మిణుగురు పురుగంత నిప్పు మిగిలితే అది ఏం కాలుస్తది, నీ 16 కళలల్ల, అంటే 16 భాగాలల్ల, ఒక్కటే మిగిలింది, పోయి తిను అన్నడు తండ్రి. తిని వచ్చినంక అడిగిందల్ల చెప్పిండు. అన్నంల సూక్ష్మమైన భాగమే మనసు అయితదని ఆయన బోధ.

పదో నాడు డాక్టర్ సరే అంటే రాగిజావ పలుచగ చేసి చెంచాతోని పోసిన. ఒక్కో చెంచాకు గొంతు మెల్లగ కదులుడు, పెదవి మీద కారింది నాలుకతోని తుడుచుకునుడు, అట్ల ఒక చిన్న గ్లాసుకు అర్ధగంట పట్టింది. జావ తాగవట్టిన నాలుగో నాటికి నేను అడగకముందే మొదలుపెట్టి "పచామ్యన్నం చతుర్విధమ్" దాకా వచ్చిండు. మిణుగురంత నిప్పు మీద గడ్డిపోచ వేసినట్టే.

ఉపవాసం వద్దంటలేను. నేనూ ఏకాదశి ఉంట. కానీ పొద్దంత టిఫిన్లు తిని దాన్ని ఉపవాసం అనుడు ఒక తప్పు, షుగర్ బీపీ ఉన్న పెద్దోళ్లను పట్టుబట్టి పస్తు పెట్టుడు ఇంకో తప్పు.

స్వామి "ప్రాణినాం" అన్నడు, నీ ఒక్కని దేహం అనలేదు. నాయినమ్మ రొట్టె కొడుతుంటే నేను ఎదురుంగ కూసునేదాన్ని. ఉడుకునీళ్లతోని పిండి పిసికి, పీట మీద టపటప కొట్టి, పెనం మీద వేసి తడి చేత్తోని పైన నీళ్లు పూసేది, అది పొంగి కమ్మటి వాసన వస్తుంటే నా నోరు ఊరేది. ఆ మొదటి రొట్టె నాకియ్యకపోయేది. "ఆగు బిడ్డా, అది గడప కాడ కూసున్నదానికి" అని కుక్కకు ఏసి వచ్చేది. ఆమెకు ఉపనిషత్తు తెల్వదు. ఆకలైన పిల్లలు తల్లి చుట్టూ చేరినట్టు సర్వ భూతాలు, అంటే ప్రాణులన్నీ, కడుపుల అగ్నికి అన్నం వేసే ఈ అగ్నిహోత్రం చుట్టూ చేరుతయని అదే ఛాందోగ్యం చెప్తది, ఆమె వాకిట్ల నేను రోజూ చూసింది గదే.

గందుకే అన్నదానాల కాడ సగం తిని పారేసిన విస్తర్లు చూస్తే కడుపుల దేవుతది. మన పాలమూరుల బొంబాయి బస్సెక్కి వలస పోయినోళ్లు లేని ఊరు ఏది? ఆ ఇండ్లల్ల పెద్దోళ్లను అడుగుండ్రి మెతుకు అంటే ఏందో. ఎంత తింటరో అంతే పెట్టించుకోండ్రి అమ్మా, పిల్లలకు మారు వడ్డించుకోవచ్చని చెప్పుండ్రి.

నాయన ఇప్పుడు ఒక రొట్టె, కొంచెం పప్పు తింటడు. కంచం పెట్టంగనే కండ్లు మూసుకుంటడు, 20 శ్లోకాలు అయ్యేదాక పప్పు సల్లారినా ఏమనడు. ఆయన "ఊర్ధ్వమూలం" అనంగనే నేను నా ఫోన్ లోపలి అర్రల పెట్టొచ్చి ఎదురుంగ కూసుంట.